రంగుల మ్రోత

ఢిల్లీలోని రవీంద్ర భవనంలో సాహిత్యానికి, సంగీత నాటకాలకు, లలితకళలకు జాతీయ అకాడమీలు మూడును ఇరుగు పొరుగున ఉన్నవి. హబీబ్ రహమాన్ రూపకల్పన చేయగా రవీంద్రుని శతజయంతి సంవత్సరమైన 1961 లో వెలసిన ఈ భవనంలో, గ్రంథాలయం విడిచి నాలుగడుగులు నడిచినవాడు చిత్రప్రదర్శనశాల వాకిట నిలుస్తాడు. ఆ నాలుగడుగులు నడిచే అలవాటు నాకు చాలా సంవత్సరాలుగా ఉన్నది. నైరూప్య చిత్రాలను చూచి వచ్చి తెలుగులో ఏదైనా వ్రాయవలసి వచ్చినపుడెల్ల నా కలం నుండి అప్రయత్నంగా ఒక పదబంధం వెలువడేది: 'రంగుల సంగీతం'. నేనొక్కడనే కాదు, చిత్రకళను గురించి తెలుగులో వ్రాసిన వారిలో ఈ మాటను వాడనివారు అరుదు. దాని వెనుక ఏ మనిషి అనుభవమున్నదో విచారించకుండానే దానిని చేతి నుండి చేతికి అందించుకొంటూ వచ్చినాము. కాండిన్‌స్కీ గ్రంథంలోని రంగుల అధ్యాయాన్ని తెలుగు చేయడానికి కూర్చున్నపుడు గాని ఈ అజాగ్రత్త నాకు తెలిసిరాలేదు. ఆ మనిషి అలంకారం కొరకు చెప్పడం లేదు. పసుపు తనకు బాకావలె వినిపిస్తున్నదని నిజముగానే చెప్పుచున్నాడు.

వాసిలీ కాండిన్‌స్కీ 1866 లో మాస్కోలో జన్మించి ఒడెస్సాలో పెరిగినాడు. చిన్ననాడు పియానో, సెల్లో నేర్చినాడు. మాస్కో విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం, అర్థశాస్త్రం చదివి, అధ్యాపకుడుగా స్థిరపడదగిన మార్గం ముందుండగా దానిని విడిచి, ముప్పదియవ ఏట, 1896 లో చిత్రలేఖనం నేర్చుకొనడానికి మ్యూనిక్ వెళ్లినాడు. ఈ నిర్ణయానికి తోడ్పడిన అనుభవాలు రెండింటిని 1913 లో ప్రచురించిన స్వీయస్మృతులలో చెప్పుకొన్నాడు. ఒకటి మోనే చిత్రించిన గడ్డివామి. అది గడ్డివామి అని జాబితా చూచిన దాకా ఆయనకు బోధపడలేదట. రెండవది మాస్కో నాట్యశాలలో విన్న వాగ్నరు సంగీత నాటకం 'లోహెన్‌గ్రిన్'. ఆ ఫిడేళ్లు, ఆ గంభీరమైన ఊదు వాద్యాలు వినిపిస్తుండగా తన రంగులన్నీ కళ్లయెదుట నిలిచినవని, ఉన్మత్తములైన గీతలు తన ముందు గీయబడినవని వ్రాసినాడు. అదే గ్రంథంలో మాస్కో సూర్యాస్తమయాన్ని వర్ణిస్తూ, నగరమంతయు కరిగి ఒకే చుక్కగా మారి ట్యూబా వాద్యంవలె మ్రోగినదని అన్నాడు. మరియొక చోట, పలకమీద రంగులు కలుపుచున్నపుడు అవి బుసకొట్టిన చప్పుడు ఒక్కొక్కమారు వినిపించేదని అన్నాడు. ఈ చివరిమాట నాకు అన్నిటికంటె నమ్మదగినదిగా తోస్తుంది. గొప్పలు చెప్పుకొనదలచినవాడు వాగ్నరును తలచుకొంటాడు గాని బుసను తలచుకొనడు.

1911 డిసెంబరులో, 1912 సంవత్సరం ముద్రించుకొని వెలువడిన 'కళలో ఆధ్యాత్మికత' అనే చిన్న గ్రంథంలో ఆయన రంగుల ధ్వనులను వరుసగా చెప్పినాడు. పసుపు బాకా. లేతనీలం పిల్లనగ్రోవి, నీలం ముదిరినకొలది సెల్లో, ఇంకను ముదిరితే డబుల్ బాస్, మరింత లోతున ఆర్గన్. ఆకుపచ్చ ఫిడేలు పలికే నిదానమైన మధ్యస్థాయి స్వరాలు. సిందూరపు ఎరుపు ట్యూబా. నారింజ చర్చి గంట. ఊదారంగు బాసూన్ వంటి మంద్రవాద్యాలు. తెలుపు శబ్దం లేకపోవడం, కాని ఏదో పుట్టబోయే విరామం. నలుపు కూడ శబ్దం లేకపోవడమే, అయితే దాని తరువాత ఇక ఏమియు లేదు. ఈ జాబితాను ఎత్తి వ్రాసే విమర్శకులు ఒక విషయాన్ని సాధారణంగా గమనించరు. ముదురు నీలానికి ఆయన ఇచ్చిన సెల్లో ఆయన స్వయంగా వాయించిన వాద్యం. తన చేతితో మ్రోగించి ఎరిగిన శబ్దాన్నే అత్యంత ప్రియమైన రంగుకు ఇచ్చినాడు. ఇది గ్రంథాలు చూచి కట్టిన పట్టిక కాదు.

పట్టిక కాదనడానికి మరియొక నిదర్శనమున్నది. 1911 జనవరి మొదటి దినాలలో కాండిన్‌స్కీ మ్యూనిక్‌లో ఆర్నాల్డ్ షోన్‌బర్గ్ సంగీత కచేరీకి వెళ్లినాడు. అప్పుడే స్వరమేళన నియమాలను త్రోసివేసి క్రొత్త త్రోవ త్రొక్కుతున్న సంగీతకర్త షోన్‌బర్గ్. ఆ కచేరీలో తంత్రీవాద్య చతుష్టయములు, పియానో రచనలు, కొన్ని గీతాలు వినిపించినవి. ఇంటికి వచ్చిన తరువాత కాండిన్‌స్కీ వేసిన చిత్రం 'ఇంప్రెషన్ 3 - కచేరీ' నేడు మ్యూనిక్ లెన్‌బాఖ్ హౌస్‌లో ఉన్నది. నల్లని పియానో ఆకారం, దాని ముందు వంగిన శ్రోతలు, పటంలో పెద్దభాగాన్ని ముంచివేసిన పసుపు. ఆ కచేరీలో బాకా లేనే లేదు! ఆయన వ్రాసిన సూత్రం ఒకటి, ఆయన కుంచె చేసినది మరొకటి. సూత్రం కొరకు రంగును వాడినవాడైతే పసుపును అంతగా పోయడు. ఆయన తన సూత్రాలకు తానే హద్దు చెప్పుకొన్నాడు కూడ: ఇవి శాస్త్రప్రమాణం గలవి కావని, అనుభవంలో తోచిన మాటలని, రంగుల సూక్ష్మధ్వనులను మాటలు సూచింపగలవే గాని పట్టి ఇయ్యలేవని అదే గ్రంథంలో ఉన్నది. పసుపు పుల్లగా తోచడానికి నిమ్మపండు జ్ఞాపకం రావడమే కారణమనే సులభమైన వివరణ కూడ ఆయనకు చాలలేదు.

ఇంద్రియాల ఈ కలయికను ఐరోపా వైద్యులు 19వ శతాబ్దం నుండి పరిశీలిస్తూ వచ్చినారు. 1812 లో గేయోర్గ్ సాక్స్ అనే జర్మను వైద్యుడు తన దేహస్థితిని గురించి వ్రాసిన సిద్ధాంతవ్యాసంలో అక్షరాలకు, స్వరాలకు తనకు రంగులు తోచేవని చెప్పినాడు. 1883 లో ఫ్రాన్సిస్ గాల్టన్ ఇట్టివారి సాక్ష్యాలను సేకరించి ప్రకటించినాడు. ఆ కాలానికే కవులకు ఇదొక వేడుక అయినది. రేంబో అచ్చులకు రంగులు చెప్పిన పద్యం ప్యారిస్ సాహిత్యగోష్ఠులలో ఎంత సంచలనం కలిగించినదో మన పాఠకులకు తెలిసినదే. కాని ఆ రంగులను తాను కల్పించినట్లు రేంబోయే తరువాత ఒప్పుకొన్నాడు. కవి కల్పన వేరు, ఇంద్రియానుభవం వేరు. ఈ రెండింటిని వేరుచేసే పరీక్షను మనస్తత్వవేత్తలు 20వ శతాబ్దపు చివరిపాదంలో స్థిరపరచినారు. ఏ శబ్దానికి ఏ రంగు అని అడిగి, నెలలు గడచిన తరువాత ముందు చెప్పకుండా మరల అడుగుతారు. కల్పించినవాడు మరచిపోతాడు, అనుభవించేవాడు మొదట చెప్పినదే చెబుతాడు. 2001 లో మన దేశీయుడైన వి. ఎస్. రామచంద్రన్, ఎడ్వర్డ్ హబ్బర్డ్ అనేవారు అంకెలకు రంగులు తోచేవారిని కాలిఫోర్నియాలో పరీక్షించి, ఇది జ్ఞాపకమో ఉపమానమో కాదు, చూపులోనే జరిగే వ్యాపారమని నిరూపించినారు. శబ్దం విన్నపుడు రంగు కనిపించేవారు ఈ వర్గంలో కొందరున్నారు. రంగు చూచినపుడు శబ్దం వినిపించేవారు మాత్రం మిక్కిలి అరుదు. కాండిన్‌స్కీ 1944 లో మరణించినాడు. ఈ పరీక్ష ఏదియు ఆయనకు జరుగలేదు. అందువల్ల ఆయన విషయంలో పండితులలో నేటికిని వాదం ఉన్నది. నాకు ఆ బుస చాలును.

ఒకే అనుభవం గలవారు ఇద్దరు కలిసినపుడేమి జరుగుతుందో చెప్పే వృత్తాంతం ఒకటి మన విషయానికి చాలా ముఖ్యం. 1907 లో ప్యారిస్‌లో రష్యా సంగీతకర్తలు స్క్ర్యాబిన్, రింస్కీ కోర్సకోవ్ తమ స్వరస్థాయిలకు ఏ రంగులు కనిపిస్తున్నవో పోల్చుకొన్నారు. ప్రక్కనున్న రహ్మానినోవ్ నమ్మలేకపోయినాడు. 'డి మేజర్' పసుపు లేక బంగారం అన్నచోట ఇద్దరును కలిసినారు. కాని స్క్ర్యాబిన్‌కు ఎర్రగా ఉన్న 'సి మేజర్' రింస్కీకి తెల్లగా ఉన్నది. అటువంటి భేదాలు ఇంకను ఉన్నవి. స్క్ర్యాబిన్ తన 'ప్రొమీథియస్'లో రంగుల వెలుగుకు వాద్యంతో సమానంగా ఒక వరుస వ్రాసినాడు. 1911 లో మాస్కోలో ఆ వెలుగు లేకుండానే ప్రదర్శన జరిగినది, 1915 లో న్యూయార్కులో మాత్రం రంగులు వేసినారు.

ఇప్పుడు మన శాస్త్రాలవైపు తిరుగుదాము. భరతుని నాట్యశాస్త్రం రసాలకు రంగులు చెప్పినది: శృంగారం శ్యామం, హాస్యం తెలుపు, రౌద్రం ఎరుపు, అద్భుతం పసుపు, ఇట్లా. సంగీతశాస్త్రం సప్తస్వరాలకు రంగులు చెప్పినది. 13వ శతాబ్దంలో దేవగిరిలో శార్ఙ్గదేవుడు రచించిన సంగీతరత్నాకరంలో షడ్జమానికి పద్మపు కాంతి, గాంధారానికి బంగారం, మధ్యమానికి మొల్లపువ్వు తెలుపు, పంచమానికి నలుపు, ధైవతానికి పసుపు, నిషాదానికి చిత్రవర్ణం. అంతకు శతాబ్దాల ముందరి నారదీయశిక్షలో చూచినను దాదాపు ఇవే రంగులు. మన ఛందోలక్షణకారులు కూడ గణాలకు అధిదేవతలను, గ్రహాలను, ఫలాలను చెప్పి తృప్తిపడక కొందరు రంగులను కూడ చెప్పినారు. ఈ సామగ్రిని చూచి 'కాండిన్‌స్కీ చెప్పినది మనవారు వేయి సంవత్సరాల క్రిందటనే చెప్పినారు' అని సంతోషించేవారిని నేనెరుగుదును. నేనును ఒకప్పుడట్లే సంతోషించినాను. అయితే ఒక్క ప్రశ్న వేసుకొనవలెను. ఒకే నగరంలో ఒకే బల్ల చుట్టు కూర్చున్న స్క్ర్యాబిన్, రింస్కీలకు పొత్తు కుదరలేదు. శతాబ్దాల ఎడమున్న నారదీయశిక్షకును శార్ఙ్గదేవునికిని రంగులన్నీ ఎట్లు కుదిరినవి? అనుభవించేవారు విభేదిస్తారు. గ్రంథాలు ఏకీభవిస్తవి. మన శాస్త్రాలలోనిది పరంపరగా వచ్చిన సంకేతం. స్వరానికి దేవత, ఋషి, ద్వీపం ఉన్నట్లే రంగును ఉన్నది. దాని విలువ దానికున్నది. అది వినికిడి కాదు.

రాగమాల చిత్రాల విషయమింకను చిక్కైనది. ఢిల్లీ జాతీయ సంగ్రహాలయంలో 1680 లో నర్సింగ్‌గఢ్‌లో మాధోదాస్ చిత్రించిన మాళవ రాగమాల ఉన్నది. చదునైన ఎరుపు, నలుపు నేలలమీద నాయికలు, నెమళ్లు, మేఘాలు. ఆ ఎరుపు ముందు నిలబడినవారికి చెవిలో ఏదో మ్రోగిన భ్రమ కలుగకపోదు. కాని ఆ చిత్రకారుడు స్వరాన్ని చిత్రించలేదు, రాగానికి చెప్పబడిన ధ్యానశ్లోకపు కథను చిత్రించినాడు. 1570 ప్రాంతాన క్షేమకర్ణుడు రచించిన రాగమాలా గ్రంథం ఒకడుగు ముందుకు వేసి రాగాలను పక్షుల కూతలతోను, జంతువుల అరుపులతోను, ఇంటి పనుల చప్పుళ్లతోను పోల్చినది. పహాడీ చిత్రకారులు ఆ చప్పుళ్లు పుట్టే చోట్లనే బొమ్మలుగా వేసినారు. అక్కడ కూడ చెవికీ కంటికీ నడుమ మాట మధ్యవర్తిగా ఉన్నది. ఈ భేదాన్ని అందరికంటె స్పష్టంగా చెప్పినవాడు సోమనాథుడు, ఆంధ్రుడని పండితులంటారు. 1609 లో రచించిన రాగవిబోధంలో ఆయన రాగానికి నాదమయమైన రూపమొకటి, దేవతామయమైన రూపమొకటి ఉన్నవన్నాడు. చిత్రకారునికి దొరికినది రెండవది. దక్కనులోను, 18వ శతాబ్దపు హైదరాబాదులోను దానినే చిత్రించినారు. దక్షిణాన వేంకటమఖి మొదటిదానిని చేతబట్టి 72 మేళాలుగా లెక్కకట్టినాడు. బొమ్మ జోలికి పోలేదు.

ఇంతకును కాండిన్‌స్కీకి భారతదేశంతో పరిచయం లేకపోలేదు. అయితే అది శార్ఙ్గదేవుని ద్వారా కాదు, మద్రాసు అడయారు ద్వారా. దివ్యజ్ఞాన సమాజం వారి గ్రంథాలను ఆయన చదివినాడు. 1905 లో అనిబిసెంట్, లెడ్‌బీటర్ ప్రకటించిన 'ఆలోచనారూపాలు' అనే పుస్తకానికి జర్మను అనువాదం ఆయనవద్ద ఉండెడిది. అందులో మెండెల్సన్, గూనో, వాగ్నరుల సంగీతం చర్చి గోపురంపైన రంగుల మేఘాలై లేచినట్లు బొమ్మలు ఉన్నవి. ఆ అనిబిసెంటే 1915 లో మన మదనపల్లెలో కళాశాలను నెలకొల్పగా, అక్కడ పనిచేసిన జేమ్స్ కజిన్స్ భారతీయ చిత్రకళను గురించి విరివిగా వ్రాసినాడు. అటుపిమ్మట, 1922 డిసెంబరులో కలకత్తాలో ప్రాచ్యకళాసంఘం వారి ప్రదర్శనలో, స్టెల్లా క్రామ్‌రిష్ చొరవతో జర్మనీలోని బౌహౌస్ నుండి కాండిన్‌స్కీ, పాల్ క్లే ప్రభృతుల చిత్రాలు తెప్పించి గగనేంద్రనాథుని చిత్రాల సరసన పెట్టినారు. కాండిన్‌స్కీ ఆ సంవత్సరమే బౌహౌస్‌లో ఉపాధ్యాయుడుగా చేరినాడు. మన దేశంలో ఆయన రంగులను చూచినవారు ఆనాడే ఉన్నారు.

అయినను నైరూప్యకళను గురించిన వాదం దేశంలో తీవ్రమైనది స్వాతంత్ర్యానంతరం, అందులోను 1960 దశకంలోని ఢిల్లీలో. 1963 లో రవీంద్ర భవనంలోనే 'గ్రూప్ 1890' వారి ప్రదర్శనను నెహ్రూ ప్రారంభించినాడు, ఆక్టావియో పాజ్ దానికి పరిచయం వ్రాసినాడు, జె. స్వామినాథన్ ఆ బృందానికి ప్రాణం. 1966 లో అజిత్ ముఖర్జీ 'తంత్రకళ' వెలువడిన తరువాత నాదబిందు సిద్ధాంతం చిత్రకారుల నోట, అంతకు మించి విమర్శకుల నోట పలుకసాగినది. బీరేన్ డే, జి. ఆర్. సంతోష్, హైదరాబాదులో మన పి. టి. రెడ్డి ఈ త్రోవలో ఎన్నదగిన చిత్రాలు వేసినారు. సితారు అభ్యసించిన ఓంప్రకాశ్ శర్మ, సంగీత శిక్షణ పొందిన శోభా బ్రూటా ఢిల్లీలోనే నైరూప్య చిత్రాలు రచించినారు. వీరి పటాలలో శ్రుతి నిలుపుకొన్న గాయకుని నిగ్రహం కనిపిస్తుంది. అది సంగీతం తెలిసిన చేయి చేసే పని. కాండిన్‌స్కీ పొందినది వేరు. ఆ రెండింటిని ఒకే మాటతో పొగడడం ఇద్దరికీ అన్యాయం.

ఆ ఒకే మాట మనకింత సులభంగా ఎందుకు దొరుకుతున్నది? తప్పు కొంత భాషది. వర్ణమంటే రంగు, అక్షరం, కర్ణాటక సంగీతంలో ఒక రచనావిశేషం. శాస్త్రంలో గానక్రియకు కూడ అదే పేరు. రాగం పుట్టినది రంగు వేయడం అనే అర్థమున్న ధాతువు నుండి. మతంగుడు రాగాన్ని నిర్వచిస్తూ స్వరాలను, వర్ణాలను చెప్పినపుడు అక్కడ వర్ణం గానక్రియయే గాని రంగు కాదు. తెలియనివారు దానిని రంగుగా చదివి మురిసిన సందర్భాలున్నవి. ఒక శ్లేష చేతిలో ఉన్నపుడు అనుభవంతో పనిలేదనిపిస్తుంది. సంస్కృతాన్ని ప్రక్కకు పెట్టి అచ్చ తెలుగును విచారిస్తే సంగతి తారుమారవుతుంది. మనం రంగును లేత అంటాము, ముదురు అంటాము. ఆకునో కాయనో అన్నట్లు. చిక్కన, వెలిసినది అంటాము. చిలకపచ్చ, వంకాయరంగు, నెమలికంఠం, ఇటుకరంగు అంటాము. తెలుగువాడి రంగులకు వయస్సున్నది, తడి ఉన్నది, తోట ఉన్నది, మ్రోత లేదు. ఆంగ్లేయుడు మిక్కిలి కాంతిగల రంగును 'బిగ్గరైన' రంగంటాడు. మనకది 'కొట్టవచ్చినట్లు' కనబడుతుంది.

అనువాదంలో నా కష్టమంతా ఇక్కడనే వచ్చినది. కాండిన్‌స్కీ అడుగడుగున వాడే జర్మను మాట 'క్లాంగ్'. గంట కొట్టిన తరువాత నిలిచే శబ్దం వంటిది. 1909 లో వ్రాసి, ఫ్రాన్స్ మార్క్‌తో కలిసి ప్రకటించిన 1912 నాటి 'నీలాశ్వికుడు' సంచికలో అచ్చువేసిన రంగస్థల రచనకు 'డేర్ గెల్బె క్లాంగ్' అని పేరు పెట్టినాడు. మొదటి ప్రతిలో దానిని 'పీతరాగం' అన్నాను. వినసొంపుగా ఉన్నది, అబద్ధంగా కూడ ఉన్నది. రాగమనగానే ఆరోహణ, అవరోహణ, పాడేవాడు వచ్చి కూర్చున్నారు. 'ధ్వని' అంటే ఆనందవర్ధనుడు వచ్చినాడు. 'నాదం' అంటే యోగం. 'శబ్దం' అంటే వ్యాకరణం. ఇక 'గెల్బె' సంగతి: మనకు పసుపంటే గడప, పెండ్లి, ముత్తైదువ. కాండిన్‌స్కీ పసుపు చెవిలో కూసే, ఎదుటివానిమీదికి దూకే, ఉన్మాదానికి పోల్చదగిన రంగు. 'పచ్చ' అందామంటే పచ్చకామెర్లూ పచ్చగడ్డీ రెండును మనకు పచ్చనే. ఆయనకు ఒకటి బాకా, ఒకటి ఫిడేలు.

తుదకు 'పసుపు మ్రోత' అని వ్రాసినాను. చదివిచూచిన మిత్రుడొకరు ఇది మోటుగా ఉన్నదన్నారు. డప్పుకు మ్రోత ఉన్నది, గంటకు మ్రోత ఉన్నది, బాకాకు ఉన్నది. శాస్త్రం ఏదియు ఈ మాటను ఇంకను పట్టుకొనలేదు. ముత్తైదువను తప్పించలేకపోయినాను, ఆమె ఉన్నది. వ్రాతప్రతి అంతటా నాదం, రాగం, ధ్వని కొట్టివేసి మ్రోత వేసుకొంటూ పోయినాను. తెలుపు, నలుపుల దగ్గరకు వచ్చినపుడు మాత్రం ఆగవలసి వచ్చినది. మూలంలో రెండింటికీ శబ్దం లేకపోవడమే, కాని ఆ లేకపోవడాలు రెండును ఒకటి కావు. ఇక్కడ తెలుగు నాకు సాయపడినది. పలుకగలిగి పలుకనివానిది మౌనం. పలికేవాడే లేనిచోట ఉండేది నిశ్శబ్దం. తెలుపుకు మౌనమని, నలుపుకు నిశ్శబ్దమని వ్రాసి తరువాతి పుటకు వెళ్లినాను.